మనవాళ్ళ హోటల్ కదా అని

సంఘం పత్రిక వెనక అట్ట మీద రెస్టారెంటు ప్రకటన నిండు పేజీ ఉంటుంది. పండగ సంబరాల బ్యానర్ మీద అదే రెస్టారెంటు పేరు, స్టేజీ మీద ఓనర్‌గారికి శాలువా. లోపలి పేజీల్లో మాత్రం అక్కడి తిండి ఎలా ఉంటుందో ఒక్క వాక్యం కనబడదు. అసలు సంగతి తెలియాలంటే భోంచేసి ఇంటికి వెళ్తున్న కార్లో కూర్చోవాలి. "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే ఒట్టు" అన్న మాట అక్కడ వినిపిస్తుంది. ఐదు నిమిషాల క్రితం కౌంటర్ దగ్గర ఓనర్‌గారు "ఎలా ఉందండీ భోజనం?" అంటే "చాలా బాగుందండీ" అన్నది కూడా ఆ నోరే.

పరాయి దేశంలో మనవాళ్ళు నడిపే హోటళ్ళ దగ్గర మనం పడే ఈ మొహమాటం వాళ్ళ వ్యాపారాన్నీ పాడుచేస్తోంది, మన కడుపునీ పాడుచేస్తోందని నా అభిప్రాయం. మొహమాటం ఎందుకో అర్థం కాకపోలేదు. ఆ ఓనర్ మన అమ్మాయి క్లాస్‌మేట్ తండ్రి అయి ఉంటాడు. మనం కొత్తగా వచ్చిన రోజుల్లో అద్దె ఇల్లు వెతికిపెట్టిన మనిషి అయినా అయి ఉంటాడు. ఇన్ని చుట్టరికాలు కలిసిన చోట "కూర చల్లగా ఉంది" అనడానికి నోరు రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ హోటల్లో పళ్ళెం వెనక్కి పంపించే మనిషే ఇక్కడ మారుమాట్లాడకుండా తినేసి, టిప్పు కూడా పెట్టి వస్తాడు.

పోనీ, దానివల్ల ఓనర్‌కి మేలు జరుగుతోందా అంటే అదీ లేదు. 1970ల నుంచీ ఫిర్యాదుల మీద జరిగిన పరిశోధనలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి: సేవ నచ్చనివాళ్ళలో ఎక్కువమంది కంపెనీకి చెప్పరు, చెప్పాపెట్టకుండా మానేస్తారు, పదిమందికి మాత్రం చెబుతారు. అంటే ఓనర్‌గారికి అందేవి రెండే రెండు సమాచారాలు. ఎదురుగా ఉన్నప్పుడు పొగడ్తలు, నెలాఖరుకి తగ్గిన లెక్క. మధ్యలో ఏం జరిగిందో చెప్పే నాథుడు లేడు. అద్దె పెరిగిందనీ, పక్క వీధిలో ఇంకో హోటల్ వచ్చిందనీ, రోజులు బాగాలేవనీ ఆయన అనుకుంటాడు. చివరికి ఒకరోజు తలుపుకి కాగితం అంటించి మూసేస్తాడు. అప్పుడు మన వాట్సాప్ గ్రూపులో "అయ్యో, మంచి హోటలండీ" అని కన్నీటి బొమ్మలు.

ఆ మధ్య ఒక శనివారం రాత్రి జరిగింది చెబుతాను. హోటల్ పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. మేము కూర్చుని ఆర్డరు ఇచ్చి చాలాసేపైంది. బల్ల మీద నీళ్ళ గ్లాసులు తప్ప ఏమీ లేవు. కౌంటర్ మీద మాత్రం కాగితం సంచులు నిండుతూనే ఉన్నాయి. డెలివరీ కుర్రాళ్ళు వచ్చి, ఫోన్ చూపించి, పట్టుకుపోతున్నారు. వంటింటికి మా ఆర్డరూ యాప్‌లో వచ్చిన ఆర్డర్లూ ఒకే ప్రింటర్ మీద వస్తాయి. యాప్‌కి ఆలస్యమైతే వెంటనే రేటింగ్ పడిపోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆలస్యమైతే ఏమీ పడిపోదు, పాపం అతను నీళ్ళు తాగుతూ కూర్చుంటాడు. దాంతో వంటింట్లో ముందు ఎవరి పని అవుతుందో చెప్పక్కర్లేదు.

చివరికి కూర వచ్చింది. గిన్నె అంచు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, గరిటె పెట్టి మధ్యలోంచి తీస్తే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినంత చల్లగా ఉంది. పైన మీగడలా కట్టిన పొర, పక్కకి విడిపోయిన నూనె. మైక్రోవేవ్‌లో పెట్టి మధ్యలో ఒకసారి కలపకపోతే అచ్చం అలాగే అవుతుంది. వెయిటర్‌ని పిలిచి చూపిస్తే, ఆ అబ్బాయి గిన్నె వంక చూడనైనా చూడకుండా "అందరూ బాగుందనే అంటున్నారండీ" అన్నాడు. నేను ఇంకేదో అనబోతుంటే మా బావగారు చెయ్యి పట్టుకుని "ఊరుకోండి బావగారూ, మనవాళ్ళేగా" అన్నారు.

చల్లటి కూర కన్నా నాకు ఆ జవాబే ఎక్కువ కష్టమనిపించింది. అయితే ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. అందరూ నిజంగానే బాగుందని అంటున్నారు! మనందరం కలిసి తయారుచేసిన జవాబు అది.

తిండి సంగతికి వస్తే, ముందే వండి పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. గ్రేవీలు పొద్దున్నే చేసి పెట్టుకోకపోతే ఏ హోటలూ నడవదు. చిక్కంతా మెనూలో ఉంది. పేజీలకు పేజీలు మెనూ, లోపల వంటవాళ్ళు ముగ్గురు. రోజుకి ఒక్కరు కూడా అడగని ఐటమ్ మెనూలో ఉందంటే, దానికి కావలసిన సరుకు ఏదో ఒక డబ్బాలో ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తోందన్నమాట. మెనూ సగానికి తగ్గిస్తే సరుకు తాజాగా తిరుగుతుంది, వంటవాడి చెయ్యి కుదురుతుంది. ఈ మాట ఏ ఓనర్‌తో అన్నా "జనం అన్నీ అడుగుతారండీ" అంటారు. అడుగుతారు, నిజమే. లేదంటే ఉన్నదాన్నే తింటారు కూడా.

రుచి కుదరకపోతే సర్దుకుపోవచ్చు. వేడి దగ్గర మాత్రం సర్దుకుపోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షితమైన ఆహారానికి ఐదు సూత్రాలంటూ ఒక పోస్టరు విడుదల చేసింది. అందులో లెక్కలు చాలా తేలిక. వండిన పదార్థం బయట 2 గంటలకు మించి ఉండకూడదు. వేడిగా ఉంచాల్సింది 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెండింటి మధ్యలో సూక్ష్మజీవులకి పండగే. అన్నాన్ని మనం పెద్దగా అనుమానించం గానీ, బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. ఆ అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న కొద్ది గంటలకే తెలుస్తుంది, అప్పటికి మనం ఇల్లు చేరి ఉంటాం, పొద్దున్న తాగిన పాలని అనుమానిస్తూ ఉంటాం.

బఫే పాత్రల కింద వెలిగే చిన్న మంటని చూసి చాలామంది ధైర్యపడతారు. వేడిగా తెచ్చి పోసినదాన్ని అలాగే ఉంచడానికి ఆ మంట సరిపోతుందంతే. చల్లారిపోయినదాన్ని మళ్ళీ కాచే శక్తి దానికి లేదు. మూత తీసినా పొగ రాని పాత్ర కనిపిస్తే, అక్కడున్న మనిషిని పిలిచి చెప్పాలి. మనం చెప్పకపోతే మన వెనక పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఏ పసిపిల్లో, ఏ ముసలావిడో అది తింటారు. అలర్జీల విషయమూ అంతే. ఇందులో పల్లీలున్నాయా అని అడిగితే వెయిటర్ "ఉండవనుకుంటానండీ" అన్నాడనుకోండి, దయచేసి లోపలికి వెళ్ళి వంటాయన్ని కనుక్కుని రమ్మనండి. అక్కడ మొహమాటపడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక సర్వీసు. శనివారం రాత్రి నిండిన హాలుకి ఇద్దరు వెయిటర్లు. వాళ్ళలో ఒకరు నిన్నగాక మొన్న చేరినవాడు. బిల్లులోంచి ఒక ఐటమ్ తీసెయ్యాలంటే ఓనర్‌కి ఫోన్ చెయ్యాలి, ఆయన ఇంకో బ్రాంచిలో ఉంటాడు, ఎత్తడు. ఆ కుర్రాడి మీద అరిస్తే ఏమొస్తుంది? అందుకే అతను నేర్చుకున్న విద్య ఒక్కటే, ఒప్పుకోకపోవడం. ఒప్పుకుంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో అతనికి తెలియదు, చేసే అధికారమూ లేదు. "గిన్నె వెనక్కి తీసుకెళ్ళి కొత్తది తెచ్చిపెట్టు, నన్ను అడగక్కర్లేదు" అని ఓనర్ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి మా బల్ల దగ్గర కథ వేరేగా ఉండేది.

ఈ విషయం మీద ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. పొరపాటు జరిగినప్పుడు దాన్ని చక్కగా సరిదిద్దితే, అసలు పొరపాటే జరగని కస్టమర్ కన్నా ఆ కస్టమరే ఎక్కువ తృప్తిగా ఉండొచ్చని 1992లో ఇద్దరు మార్కెటింగ్ పరిశోధకులు రాశారు. 2007లో అలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించినవాళ్ళు, తృప్తి పెరిగే మాట నిజమేగానీ మళ్ళీ అక్కడికే వస్తారన్న హామీ దానివల్ల లేదని తేల్చారు. అంటే మొదట్నుంచీ సరిగ్గా చెయ్యడానికి ప్రత్యామ్నాయం లేదు. కనీసం "క్షమించండి, మార్చి తెస్తాను" అన్న మాటకి విలువ ఉందని మాత్రం రుజువైంది. ఆ మాటకి ఖర్చేమీ లేదు.

మనవైపు తప్పులూ తక్కువేం కాదులెండి. నలుగురికి బల్ల చెప్పి తొమ్మిదిమందిమి వెళ్తాం. చిటికేసి పిలుస్తాం. కొందరైతే గిన్నె ఊడ్చేసినంత పని చేసి, అప్పుడు బాగాలేదంటారు. దానికి డబ్బు తీసెయ్యమంటారు. వీళ్ళ వల్లే నిజంగా చెప్పేవాళ్ళ మాటకీ విలువ పోయింది. చెప్పదలచుకుంటే రెండో ముద్దకే చెప్పాలి, ఏం తేడాగా ఉందో చెప్పాలి. "బాగాలేదు" అంటే వంటవాడికి అర్థమయ్యేదేమీ లేదు. "మధ్యలో చల్లగా ఉంది", "ఉప్పు రెండుసార్లు పడింది" అంటే అతను ఆ పూట ఇంకో పదిమందికి అది వెళ్ళకుండా ఆపగలడు. ఓనర్ తెలిసినవాడైతే మరీ మంచిది, పక్కకి పిలిచి, నలుగురిలో కాకుండా చెప్పొచ్చు. తెలిసినవాళ్ళ మాటే కదా మనిషి వింటాడు.

అలా చెప్పకుండా ఇంటికి వెళ్ళి, అర్ధరాత్రి, పేరు కనబడకుండా, ఒక్క స్టార్ విసిరేసేవాళ్ళు కొందరున్నారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి 2011లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల ఆదాయాన్ని, కస్టమర్లు అభిప్రాయాలు రాసే యెల్ప్ అనే వెబ్‌సైట్‌లోని రేటింగులతో పోల్చి చూసింది. ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేల్చింది. అదీ పెద్ద చైన్ హోటళ్ళకి కాదు, సొంతంగా నడుపుకునే హోటళ్ళకి. మనవాళ్ళవి ఎక్కువగా ఆ రెండో రకమే. కాబట్టి ముఖం చూసి ఒక్క మాట అనలేనివాళ్ళు వెనకనుంచి వేసే ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది.

దీనికి తిరగేసిన రోగం ఇంకోటి. "మనవాళ్ళు కొత్తగా ఓపెన్ చేశారు, అందరూ ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వండి ప్లీజ్" అని సంఘం గ్రూపులోనే మెసేజ్ వస్తుంది. ఇంకా ఎవరూ ఒక ముద్దైనా తినలేదు! సాయంత్రానికి అరవై మంది అద్భుతం అని రాసేస్తారు. ఆ రేటింగు నమ్మి దూరం నుంచి పిల్లల్ని వేసుకుని వచ్చిన కుటుంబం మొదటిరోజే మోసపోతుంది. ఆ ఓనరూ తన వంట నిజంగానే అద్భుతమనుకుని, సరిదిద్దుకోవాల్సిన మొదటి ఆరు నెలలూ పోగొట్టుకుంటాడు. ఇలాంటి మెసేజీలు మన గ్రూపులో పెట్టకూడదని అడ్మిన్లు ఒక నియమం పెడితే బాగుంటుంది.

ఇంకా అసలైన మొహమాటం మన పండగ భోజనాల్లో ఉంది. స్పాన్సర్‌షిప్ ఇచ్చిన రెస్టారెంటుకే వంట కాంట్రాక్టు వెళ్తుంది. ఎందుకని ఎవరూ అడగరు. పదకొండింటికి ట్రేలు దిగుతాయి. పిల్లల నాట్యాలు, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు అయ్యేసరికి రెండున్నర. ఇందాకటి 2 గంటల లెక్క గుర్తుపెట్టుకుని చూస్తే మనం వందలమందికి ఏం వడ్డిస్తున్నామో తెలుస్తుంది. కార్యక్రమం గంటన్నర లేటుగా నడిపింది మనం కాబట్టి వంటవాళ్ళని అనడానికీ లేదు.

కార్యవర్గం ముందు ఈ ప్రతిపాదన పెడుతున్నాను. విరాళం ఎవరిచ్చినా తీసుకుందాం, వంట కాంట్రాక్టు మాత్రం ముగ్గురి దగ్గర రుచి చూసి విడిగా నిర్ణయిద్దాం. ట్రేలు ఎన్నింటికి రావాలో, మనం ఎన్నింటికి వడ్డన మొదలుపెడతామో ఇద్దరం కాగితం మీద రాసుకుందాం. వడ్డనకి ముందు ఒక వాలంటీరు ప్రతి ట్రేలోనూ థర్మామీటర్ పెట్టి చూడాలి. 60 కన్నా తక్కువ ఉన్నా, రాసుకున్న సమయం దాటి ఉన్నా ఆ ట్రే బల్ల మీదికి రాకూడదు, ఓనర్ ఎవరి బావమరిది అయినా సరే. మిగిలిన డబ్బు భోజనాలయ్యాక, తిన్నవాళ్ళ అభిప్రాయాలు రాయించుకున్నాక ఇద్దాం. ముఖ్య అతిథి ప్రసంగం పదిహేను నిమిషాలకి కుదించే బాధ్యత అధ్యక్షులవారిది. థర్మామీటర్ నేను కొని తెస్తాను.