అంగారకుడిపై వేసవి సెలవులు: ఆ సందేశం వదిలేసిన లెక్కలు

అంగారకుడికి విహారయాత్ర గురించిన ఒక సందేశం వాట్సాప్‌లో చేతులు మారుతూనే ఉంది. అక్కడి రోజు మన రోజు కంటే నలభై నిమిషాలే ఎక్కువని, మధ్యాహ్నం 20 డిగ్రీల హాయైన వాతావరణం ఉంటుందని, శరీరం తేలికైపోతుంది కనుక సౌరకుటుంబంలోని అతి పెద్ద అగ్నిపర్వతాన్ని అలవోకగా ఎక్కి, నీలిరంగు సూర్యాస్తమయం చూసి, రోజూ ఇంటివారితో వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఏడాదిలోగా తిరిగి రావచ్చని అది చెబుతుంది. తెలుగువారు ఇప్పటికే అంతరిక్షంలోకి వెళ్లారు కాబట్టి ఈ ముచ్చట తీరే రోజు దగ్గరలోనే ఉందని, బుకింగ్‌లు కూడా మొదలయ్యాయని ముగిస్తుంది. ఊహలో ఏ గ్రహానికి వెళ్లినా తప్పు పట్టేవారు లేరు. కానీ ఈ సందేశం తాను ఊహనని చెప్పుకోవడం లేదు, అంకెలు చూపిస్తోంది. ఆ అంకెల్లో కొన్ని నిజమే అయినా, యాత్రికుడికి అసలు అవసరమైన అంకెలను మాత్రం అది ప్రస్తావించలేదు.

ముందుగా తెలుగువారి మాట చూద్దాం. శిరీష బండ్ల 2021 జులై 11న వెళ్లిన వ్యోమనౌక చేరుకున్న ఎత్తు సుమారు 86 కిలోమీటర్లు. 2024 మే 19న విజయవాడకు చెందిన గోపీచంద్ తోటకూర చేసిన యాత్ర 100 కిలోమీటర్లు దాటింది, అయితే ఎగరడం నుంచి దిగడం వరకు అది సుమారు పది నిమిషాల్లో ముగిసింది. అంగారకుడు మనకు అతి చేరువగా వచ్చినప్పుడు కూడా దాదాపు 5.5 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. వారిద్దరి ప్రయాణాలు గర్వించదగినవే, కానీ గ్రహాంతర యాత్ర దగ్గరపడిందనడానికి అవి సాక్ష్యం కావు.

ఏడాదిలో తిరిగి రావచ్చన్నది ఈ సందేశంలోని అతి పెద్ద పొరపాటు. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో ప్రవేశించింది. నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ 2020 జులై 30న బయలుదేరి 2021 ఫిబ్రవరి 18న దిగింది. అంటే ఒకవైపు ప్రయాణానికే ఆరున్నర నెలల నుంచి పదిన్నర నెలల వరకు పట్టింది. అంతకంటే ముఖ్యమైనది, మనం కోరుకున్న రోజున బయలుదేరే వీలు లేకపోవడం. రెండు గ్రహాలూ సూర్యుడి చుట్టూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి గనుక, తక్కువ ఇంధనంతో చేరుకోగల అమరిక సుమారు 26 నెలలకు ఒకసారి మాత్రమే కుదురుతుంది. 2020 జులై నెలలోనే యూఏఈ, చైనా, అమెరికా వరుసగా తమ నౌకలను పంపింది ఇందుకే. తిరుగు ప్రయాణానికీ ఇదే నియమం వర్తిస్తుంది కాబట్టి, చేరుకున్నవారు సరైన అమరిక కోసం ఏడాదికి పైగా అక్కడే వేచి ఉండాలి, మొత్తం యాత్ర రెండున్నరేళ్లకు తక్కువ కాదు. అక్కడ తక్కువ రోజులు ఉండి వచ్చే పథకాలు లేకపోలేదు గానీ, వాటిలో దారి పొడవూ ఇంధనమూ పెరుగుతాయి తప్ప, నేటి రాకెట్లతో అవీ సెలవుల యాత్రలు కాలేవు.

ఇన్ని నెలల ప్రయాణంలో శరీరానికి ఏమవుతుందో సందేశం ఒక్క మాటైనా చెప్పలేదు. క్యూరియాసిటీ రోవర్ తన ప్రయాణంలో కొలిచిన రేడియేషన్ రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి సోకే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం), భూమ్మీద సహజంగా ఏడాది పొడవునా సోకేది సగటున 2.4 మాత్రమే. భారరహిత స్థితిలో ఎముకలు నెలకు ఒక శాతానికి పైగా సాంద్రత కోల్పోతాయి కూడా.

ఇరవై డిగ్రీల మాట నిజమే, కానీ అది భూమధ్యరేఖ వంటి ప్రాంతంలో, వేసవి మధ్యాహ్నం, నేలను అంటిపెట్టుకుని ఉండే వేడి. పాదాల దగ్గర వసంతంలా ఉన్నప్పుడే తల దగ్గర గాలి గడ్డకట్టే చలికి చేరువలో ఉంటుంది, రాత్రికి అదే చోట ఉష్ణోగ్రత మైనస్ 70 డిగ్రీలకు పడిపోగలదు. అసలు ఆ వెచ్చదనం చర్మానికి తగిలే అవకాశమే లేదు. అక్కడి వాతావరణ పీడనం మనదానిలో ఒక శాతం కూడా ఉండదు, ఉన్న గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే. అంత తక్కువ పీడనంలో శరీరపు వేడికే నోటిలోని లాలాజలం మరిగిపోతుంది కనుక, స్పేస్‌సూట్ లేకుండా గడప దాటడం సాధ్యం కాదు.

సూటు మాట వచ్చింది గనుక బరువు లెక్క కూడా చూడాలి. అక్కడి గురుత్వాకర్షణ మనదానిలో 38 శాతం, కాబట్టి 60 కిలోల మనిషి 23 కిలోల వాడిలా కదలవచ్చునన్నది నిజమే. అయితే అపోలో యాత్రికులు చంద్రుడిపై ధరించిన సూటు, వీపు మీది ప్రాణరక్షక పరికరాలు కలిసి భూమ్మీద సుమారు 90 కిలోలు తూగేవి. అలాంటి సూటే వేసుకుంటే మొత్తం 150 కిలోలు అంగారకుడిపై 57 కిలోలకు సమానం. సందేశం వాగ్దానం చేసిన తేలికదనం దాదాపు అంతా సూటు మోయడానికే చెల్లిపోతుంది.

సందేశం ఎక్కమన్న అతి పెద్ద అగ్నిపర్వతం పేరు ఒలింపస్ మాన్స్. దాని ఎత్తు సుమారు 22 కిలోమీటర్లన్నది నిజమే గానీ, దాని అడుగు వెడల్పు 600 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద వెళ్లినంత. సగటు వాలు ఐదు డిగ్రీలే. దాని మీద నిలబడినవారికి శిఖరం కాక, దిగంతం దాకా సాగే ఏటవాలు రాళ్ల మైదానమే కనిపిస్తుంది. చూడటానికి వెళ్లేవారికి నేనైతే దాన్ని సిఫారసు చేయను.

వీడియో కాల్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. సంకేతం ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి మూడు నుంచి 22 నిమిషాలు పడుతుంది గనుక, ఉత్తరాల్లా సందేశాలు పంపుకోవలసిందే.

నీలిరంగు సూర్యాస్తమయం మాత్రం పూర్తిగా నిజం. గాలిలోని సన్నని ధూళి సూర్యబింబం చుట్టూ నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లుతుంది, 2005 మేలో స్పిరిట్ రోవర్ దాన్ని ఫోటో కూడా తీసింది. సందేశంతో పాటు తిరిగే బొమ్మలో ఉన్నట్టు రెండు పెద్ద చందమామలు మాత్రం కనిపించవు. అంగారకుడి రెండు ఉపగ్రహాల్లో ఫోబోస్ మన చంద్రుడిలో సుమారు మూడో వంతు వెడల్పున కనిపిస్తే, డీమోస్ నక్షత్రమంతే. అయితే ఫోబోస్ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. ఇంత విచిత్రాన్ని వదిలేసి ఆ బొమ్మను ఎందుకు పెంచి చూపారో అర్థం కాదు.

చివరగా బుకింగ్‌లు మొదలయ్యాయన్న మాట. మార్స్ వన్ అనే నెదర్లాండ్స్ సంస్థ 2012లో అంగారకుడిపై మనుషుల్ని స్థిరపరుస్తామని ప్రకటించి, రుసుముతో దరఖాస్తులు తీసుకుంది. ఒక్క నౌకనూ పంపకుండానే దాని వాణిజ్య విభాగం 2019 జనవరిలో దివాలా తీసింది. పైగా అది ఒకవైపు ప్రయాణం, తిరుగు టికెట్టు ఆ పథకంలో మొదటి నుంచీ లేదు.