గాలికి లక్షలు, నీళ్లకు చిల్లర

పోర్షే 911 స్పోర్ట్స్ కార్లను సేకరించే కలెక్టర్ల పంచాంగంలో శకం 1998తో మారుతుంది. ఆ ఏడాది వరకు తయారైన 993 మోడల్, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న ఆఖరి 911. తర్వాత వచ్చిన 996 మోడల్ ఇంజిన్ చల్లబడటానికి నీళ్లు కావాలి. అందుకే కలెక్టర్లు 993కు లక్షలు పోస్తారు, 996కు చిల్లర విదిలిస్తారు. ఇంతమాత్రానికే ధరల్లో అంత తేడానా అని అడిగేవాళ్లు దయచేసి చెప్పులు విడిచి బయటే నిలబడండి.

కాగితం మీద చూస్తే పాపం 993 తేలిపోతుంది. మొదట్లో దానికి 272 హార్స్‌పవర్, కొత్తదానికి 300. గంటకు నూరు కిలోమీటర్లు అందుకోవడానికి పాతదానికి 5.6 సెకన్లు, కొత్తదానికి 5.2. పైగా కొత్తది 50 కిలోలు తేలిక. అందుకే కలెక్టర్లు ఈ కాగితాలు చూడరు. చూస్తే గీస్తే పాత సర్వీసు బిల్లులు చూస్తారు. ఆపై తలుపు తీసి ఒకసారి వేస్తారు. 993 తలుపు ఠంగుమని పడుతుంది. 996 తలుపు కూడా పడుతుంది, కానీ ఆ శబ్దానికి ఎవరూ డబ్బివ్వరు.

అసలు నేరమంతా హెడ్‌లైట్లది. డబ్బుకు కటకటలాడిన రోజుల్లో పోర్షే 996కూ, తన చవక కారు బాక్‌స్టర్‌కూ ముందు భాగం ఉమ్మడిగా చేయించింది. ఇండికేటర్ కూడా దీపంతో పాటు ఒకే గాజు కింద ఇరుక్కుని, పచ్చసొన కారినట్టుంటుంది. జనం దాన్ని వేయించిన గుడ్డు అన్నారు. పెద్ద కోడలు, చిన్న కోడలు ఒకే రకం చీర కట్టుకుని పెళ్లికొస్తే జరిగే గొడవే ఇక్కడా జరిగింది. ఆ పొదుపే కంపెనీని ఒడ్డున పడేసింది కదా అంటారా? అది కంపెనీ గోల. కలెక్టర్‌కు గుండ్రటి దీపాలు కావాలి, అంతే. 2004లో తర్వాతి మోడల్ 997కు మళ్లీ గుండ్రటివి పెట్టి పోర్షే కూడా లెంపలేసుకుంది.

ఇక ఆయిల్ సంగతి. 993 కింద నేల మీద చుక్క కనిపిస్తే కలెక్టర్ మోకాళ్ల మీద వంగి, వేలితో అద్ది, వాసన చూసి, "గాలి ఇంజిన్లు అంతేనండీ, ప్రాణమున్న యంత్రాలు" అని తృప్తిగా లేస్తాడు. అదే చుక్క 996 కింద పడితే ఇంజిన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రియర్ మెయిన్ సీల్ పోయిందంటాడు, డిజైనే తప్పంటాడు, సగం ధర దగ్గర బేరం మొదలుపెడతాడు.

న్యాయంగా చెప్పాలంటే 996కు నిజమైన జబ్బు ఒకటుంది: ఇంజిన్ లోపల తిరిగే ఓ ఇరుసును మోసే ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్. అరచేతిలో పట్టే ఆ ముక్క పోతే ఇంజిన్ మొత్తం పోయినట్టే. అన్నిటికీ రాదు. 996లోనే ఖరీదైన రకాలైన టర్బోకూ జీటీ3కీ ఆ బెడదే లేదు. వాటి ఇంజిన్ 1998లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల పందెం గెలిచిన రేసు కారు వంశానిది, కాబట్టి వాటికి మర్యాద వేరే. మామూలు 996ను మాత్రం ఊరికే నిలబెడితేనే ఆ బేరింగ్‌కు ముప్పు, తరచూ గట్టిగా నడపండి అంటారు మెకానిక్‌లు. నడిపితే కిలోమీటర్లు పెరుగుతాయి. కిలోమీటర్లు పెరిగితే ధర పడిపోతుంది. రోడ్డెక్కుదామని పేచీ పెట్టే కారును ఏ పెద్దమనిషి కొంటాడు?