1,400వ ఎపిసోడ్ నుంచి సీరియల్ చూస్తే కాంగో యుద్ధం అర్థం కాదు

తూర్పు కాంగోలోని గోమా నగరం ఎం23 తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. 2025 జనవరి చివర్లో ప్రపంచమంతా తిరిగిన వార్త ఇది. పొరుగు దేశం రువాండా అండ, ఖనిజాలు, మూటలు నెత్తిన పెట్టుకుని పోతున్న జనం. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. కానీ వారం రోజులు ఆ వార్తలే చూసినవాళ్లని "ఇంతకీ ఎం23లో 23 ఏంటండీ?" అని అడిగి చూడండి.

2009 మార్చి 23. కాంగో ప్రభుత్వానికీ సీఎన్‌డీపీ అనే తిరుగుబాటు దళానికీ ఆ రోజు ఒప్పందం కుదిరింది. ఆ మాట నిలబెట్టుకోలేదంటూ 2012 ఏప్రిల్‌లో ఆ దళంవాళ్లే కొందరు మళ్లీ తుపాకులు పట్టారు. ఒప్పందం తేదీనే పేరుగా పెట్టుకున్నారు. అదే ఏడాది నవంబర్ 20న ఇదే గోమాని పట్టుకుని, డిసెంబర్ మొదట్లో వదిలేసి వెళ్లారు. 2013 చివర్లో ఓడిపోయి, 2021 చివర్లో మళ్లీ లేచారు. అంటే 2025 వార్త రెండోసారి వేసిన ఆట. ఆ సంగతి వార్తలో ఉన్నా ఆఖరి పేరాలో ఒక లైను, అంతే.

విలేకరుల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. వార్తకి పని ఒకటే: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చెప్పడం. ఈ గొడవ వయసు తొంభై ఏళ్లు. 1,400వ ఎపిసోడ్ దగ్గర టీవీ పెట్టినవాడికి ఎవరు ఎవర్ని కొడుతున్నారో కనిపిస్తుంది గానీ, పొలం ఎవరిదో, మొదట ఎవరు ఎవరింట్లో చేరారో తెలీదు. దానికి తోడు మన డిబేట్లలో సైరన్ మోత, గ్రాఫిక్స్ ట్యాంకులు. గంట చూసినా ఒక్క తేదీ గుర్తుండదు.

వార్త సూటిగా తప్పుదారి పట్టించిన సందర్భం కూడా ఈ గొడవలోనే ఉంది, పక్కనున్న రువాండాలో. 1994 ఏప్రిల్ 6న రువాండా అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని కూల్చేశారు. ఆ తర్వాత వంద రోజుల్లో ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 8 లక్షల మందిని హుటూ తీవ్రవాదులు చంపారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టుట్సీలు. రువాండాలో హుటూలు మెజారిటీ, టుట్సీలు మైనారిటీ. మొదటి వారాల్లో బయటి ప్రపంచానికి అందింది "తెగల కొట్లాట", "అంతర్యుద్ధం", "అరాచకం" అన్న మాటలే. చాలామంది విదేశీ విలేకరులు ఆ నెలలో దక్షిణాఫ్రికాలో ఉన్నారు, మండేలా ఎన్నికల కోసం. ఏప్రిల్ 21న భద్రతామండలి రువాండాలోని శాంతిదళాన్ని 2,500 నుంచి 270కి కుదించింది. లోపలేమో ఆర్‌టీఎల్ఎం రేడియో టుట్సీలని బొద్దింకలని పిలుస్తూ, ఎక్కడెక్కడ వెతకాలో చెబుతూ ప్రసారాలు చేసింది. అదీ మీడియానే మరి.

కెమెరాలు దండుగా దిగింది జూలైలో. టుట్సీల నాయకత్వంలోని ఆర్‌పీఎఫ్ అనే తిరుగుబాటు దళం గెలవగానే కొద్ది రోజుల్లో సుమారు పది లక్షల మంది హుటూలు సరిహద్దు దాటి గోమా చేరారు. కలరా వచ్చింది, వేలకు వేలు చనిపోయారు. ఆ దృశ్యాలు చూసినవాళ్లు చాలామంది "పాపం, నరమేధం బాధితులు" అనుకున్నారు. ఆ జనంలో అమాయకులు లక్షల్లో ఉన్నారు నిజమే. కానీ నరమేధాన్ని నడిపించిన సైనికులు, మిలీషియాలు, మండలస్థాయి అధికారులు కూడా వాళ్లతోనే వచ్చి శిబిరాల్లో పెత్తనం పట్టారు. ఎవరు ఎక్కడ మీటింగ్ పెట్టారు, ఆదేశం పైనుంచి కిందికి ఎలా దిగింది అన్నది హ్యూమన్ రైట్స్ వాచ్ కోసం అలిసన్ డెస్ ఫోర్జెస్ 1999లో తెచ్చిన పుస్తకం చదివితే తెలుస్తుంది. "తెగల కొట్లాట" అన్న మాట తర్వాత నోట రాదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. గోమాకి పశ్చిమాన మసీసి అనే కొండ ప్రాంతం ఉంది. తోటల్లో కూలీల కోసం బెల్జియం పాలకులు 1937 నుంచి రువాండా జనాన్ని అక్కడికి తరలించారు. స్వాతంత్ర్యం వచ్చాక వాళ్లు ఎవరు? 1972 చట్టం పౌరసత్వం ఇచ్చింది, 1981 చట్టం లాగేసుకుంది. పౌరసత్వం లేకపోతే భూమి మీద హక్కు గాలిలో దీపమే. విశాఖలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు ఉండే బర్మా క్యాంపు పేరు విన్నవాళ్లకి ఈ కథ కొత్తేమీ కాదు. తెల్లవాడు పనికి తీసుకెళ్తాడు, వాడు పోయాక "నువ్వు ఎక్కడివాడివి?" అన్న ప్రశ్న మిగులుతుంది. మసీసి చుట్టుపక్కల హత్యలు మొదలైంది 1993లో, అంటే రువాండా నరమేధానికి ఏడాది ముందే. కాంగో నేరాలపై 2010లో ఐక్యరాజ్యసమితి విడుదల చేసిన మ్యాపింగ్ రిపోర్టు 550 పేజీలు, 617 ఘటనలు. అది 1993 మార్చి నుంచే లెక్క మొదలుపెట్టింది. "అంతా ఫోన్లలో వాడే కోల్టాన్ కోసమే" అని ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోల్లో ఈ భూమి తగాదా ఉండదు. ఖనిజాల డబ్బు యుద్ధాన్ని మేపింది, కాదనను. పుట్టించింది మాత్రం అదొక్కటే కాదు.

సరే, ఎలా చదవాలి? ముందు మ్యాపు. రువాండా మొత్తం కలిపినా తెలంగాణలో నాలుగో వంతు కూడా లేదు. కాంగో మాత్రం మన దేశంలో డెబ్బై శాతం. ఈ కొలత తెలీకుండా పుస్తకం తెరవొద్దు. కివు సరస్సు, గోమా, బుకావు, కిగాలి, కిన్షాసా. ఈ ఐదింటిని కాగితం మీద చేత్తో గీసుకోండి.

చాలామంది అరవయ్యో పేజీ దగ్గర పుస్తకం మూసేస్తారు. కారణం ఎప్పుడూ సాయుధ దళాల పొట్టి పేర్లే: ఏఎఫ్‌డీఎల్, ఆర్‌సీడీ, సీఎన్‌డీపీ, ఎఫ్‌డీఎల్ఆర్. పుస్తకం చివర్లో అట్ట లోపల ఒక కాగితం అంటించి, ప్రతి పేరుకీ మూడు ముక్కలు రాయండి: ఎప్పుడు పుట్టింది, ఎవరు డబ్బిచ్చారు, ఎవరితో కొట్లాడింది. ఇంకో కాగితం మీద తేదీలు. పుస్తకం మొత్తానికి ముప్పై దాటొద్దు. రోజుకి ఇరవై పేజీలు చదివితే నాలుగొందల పేజీలు ఇరవై రోజుల పని.

ఏది ముందు? జేసన్ స్టెర్న్స్ 2011లో రాసిన డ్యాన్సింగ్ ఇన్ ద గ్లోరీ ఆఫ్ మాన్‌స్టర్స్‌తో మొదలుపెట్టండి, మనుషుల మాటల్లో నడుస్తుంది కాబట్టి. తర్వాత మహమూద్ మమ్దానీ 2001లో రాసిన వెన్ విక్టిమ్స్ బికమ్ కిల్లర్స్. హుటూ, టుట్సీ అన్నవి వలసపాలనలో రాజకీయ గుర్తింపులుగా ఎలా గట్టిపడ్డాయో అందులో ఉంది. (న్యూయార్క్ మేయర్ ఎన్నిక గెలిచిన జొహ్రాన్ మమ్దానీకి నాన్నగారు. ఆ వార్త మాత్రం అందరికీ తెలుసు.)

ఇక్కడే పెద్ద ప్రమాదం: ఒక్క పుస్తకం జబ్బు. వార్తలు మాత్రమే చూసేవాడికన్నా ఒకే పుస్తకం చదివినవాడు మొండివాడు. మందు ఏంటంటే, లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం చూడటం. రువాండా నరమేధం మీద ఫిలిప్ గురేవిచ్ 1998లో రాసిన పుస్తకం చెయ్యి తిరిగిన రచన, కానీ అందులో ఆర్‌పీఎఫ్‌ని నడిపించి తర్వాత రువాండా అధ్యక్షుడైన పాల్ కగామె మీద సానుభూతి ఎక్కువ. కాంగోలో కగామె సైన్యం ఏం చేసిందో అప్పటికి పూర్తిగా బయటపడలేదు. జెరార్ ప్రునియె 1995లో రువాండా మీద రాశాడు, 2009లో కాంగో యుద్ధం మీద. అదే రచయిత, మధ్యలో పద్నాలుగేళ్లు. కగామె పక్షం మీద చూపు ఎంత మారిందో రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. వీలైతే ఆ పోలికని రెండు పుస్తకాల ముందుమాటలతోనే మొదలుపెట్టండి.

అంకెల దగ్గర ఇంకా జాగ్రత్త. "కాంగో యుద్ధంలో 54 లక్షల మంది చనిపోయారు" అని వార్తలు ఇప్పటికీ రాస్తాయి. అది శవాల లెక్క కాదు. 1998 నుంచి 2007 వరకు మామూలుకన్నా ఎన్ని చావులు ఎక్కువ జరిగాయో సర్వేలతో వేసిన అంచనా. అందులో అత్యధికం జ్వరాలు, విరేచనాలు, ఆకలి. ఆ "మామూలు" ఎంత అన్నదే గొడవ: నెలకి వెయ్యి మందికి 1.5 చావులు అనుకుని లెక్క కట్టారు, యుద్ధానికి ముందే కాంగోలో అంతకన్నా ఎక్కువని విమర్శకులు అన్నారు. ఆ ఒక్క అంకె కదిలితే ఫలితం లక్షల్లో మారిపోతుంది.

తెలుగులో వీటి మీద దొరికేది తక్కువే, ఇంగ్లీషు తప్పదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అదృష్టం పరీక్షించుకోవచ్చు. డెస్ ఫోర్జెస్ పుస్తకం, మ్యాపింగ్ రిపోర్టు అయితే నెట్‌లో ఉచితం.

ఇదంతా అయ్యాక వార్తలకి రండి. 2025 జూన్ 27న వాషింగ్టన్‌లో కాంగో, రువాండా చేసుకున్న ఒప్పందం వార్త తీసి చదవండి. సంతకం చేసినవాళ్లలో ఎం23 లేదు. ఎఫ్‌డీఎల్ఆర్‌ని నిర్వీర్యం చేయాలన్న షరతు ఉంది. మీ అట్ట లోపలి కాగితం చూసుకోండి: 1994 జూలైలో గోమా దారి పట్టిన ఆ సైనికులు, మిలీషియాల్లో మిగిలినవాళ్లలోంచి పుట్టిన దళమే అది.