మందు మొక్కల గురించి రాశారు, మరి కొండరెడ్ల అడవి?
పాపికొండల కొండరెడ్డి గిరిజనుల ఆకు వైద్యం మీద మీ వ్యాసం అమలాపురంలో మా ఇంటిల్లిపాదీ చదివాం. జ్వరానికి నేలవేము, విరిగిన ఎముకకు నల్లేరు మాకూ తెలిసినవే. పొడపత్రి ఆకు నమిలితే కాసేపు పంచదార కూడా తియ్యగా అనిపించదు, అది కూడా రాయాల్సింది. కానీ పోలవరం ముంపుతో దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ చేసి పునరావాస కాలనీలకు వెళ్లినవాళ్లకి ఆ మొక్కలు ఎక్కడ దొరుకుతాయండీ? దాని గురించి ఒక్క ముక్కా లేదు, బాధేసింది. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో ‘జీవని’ మందు తయారైతే, వచ్చిన సొమ్ములో వాళ్లకూ వాటా ఇచ్చారు. మన కొండరెడ్లకూ ఆ హక్కు దక్కాలి. ఇంకోటి, సర్పగంధి వేరు బీపీ తగ్గిస్తుందన్నది నిజమే, కానీ డాక్టర్ని అడక్కుండా ఎవరూ సొంతంగా వాడొద్దు.