అరకోటి లింగాలు, హరి కోట

ఆకాశం తేటగా ఉంటే రాకెట్ ఎగిరే రోజున ఉత్తర చెన్నైలో జనం మేడలెక్కుతారు. మన తెలుగిళ్ల పిల్లల నోట కూడా అప్పుడు వినిపించేది ‘శ్రీహరికోటా’యే. ఆ చివరి దీర్ఘం ఇంగ్లిష్ అక్షరాల చలవ. కోటను ‘కోట్టై’ అనే తమిళం సైతం ఈ ఊరి దగ్గరికొచ్చేసరికి ‘కోట్టా’ అనే రాస్తుంది.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఈ దీవి పేరు వెనుక పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ఇక్కడ అరకోటి శివలింగాలుండేవట, ఆ ‘అరకోటి’యే పోనుపోను ‘హరికోట’ అయిందట. వినడానికి బాగుంది గానీ నాకు మింగుడుపడదు. శివలింగాల లెక్కలోంచి విష్ణువు పేరెలా ఊడిపడింది? జనం నోట అరిగితే ‘హరకోటి’ కావాలి, శివుడికీ సరిపోయేది. సామర్లకోట, శృంగవరపుకోటలకు అక్కర్లేని కోటి లెక్క దీనికెందుకు? హరి పేరిట వెలసిన కోట అనుకోవడమే సూటి దారి. అర్థం మరుగున పడ్డాకే పేరు చుట్టూ కథ అల్లుకుంటుంది.

దీవిలో తరాలుగా బతికిన యానాదులకూ ఇదే జరిగింది. ‘అనాది’ నుంచి వచ్చిన పేరని కొందరు, ‘యానం’ నుంచని ఇంకొందరు. రెండూ సంస్కృతం చదివినవాళ్ల ఊహల్లాగే ఉన్నాయి. తేనె తీసి, ఎర్రరంగునిచ్చే చిరివేరు తవ్వినవాళ్లను అడిగి రాసినట్టు లేవు.

దీవికి ఉత్తరాన దుగరాజపట్నం ఉంది. 1626లో అక్కడ దిగిన ఇంగ్లిష్‌వాళ్లు తమకు సాయపడ్డ ఆర్ముగం మొదలియార్ పేరిట దాన్ని ‘ఆర్మగాన్’ అన్నారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేల కోసం వచ్చింది అక్కడినుంచే. పేరు ఎవరిదో, ఎందుకు పడిందో ఇంత తేటగా తెలిసే ఊళ్లు అరుదు. అయినా జనం నోట నిలిచింది దుగరాజపట్నమే!

1971లో తొలి రాకెట్ ఎగిరాక దీవికి ‘షార్’ అనే మరో పేరు అంటుకుంది. శ్రీహరికోట హై ఆల్టిట్యూడ్ రేంజ్‌కు అది పొట్టి రూపం. 2002లో రాకెట్ కేంద్రానికి ఇస్రో మాజీ అధిపతి సతీశ్ ధవన్ పేరు పెట్టినా మన పత్రికలకు నేటికీ అది షారే. వందేళ్లు పోతే ‘శరం’ అనే మాటే షార్ అయిందని ఎవరో ఒకరు వ్యాసం రాయకపోరు.

లింగాల కథ ఎలాగూ బతుకుతుంది, దాని గురించి బెంగ లేదు. రాకెట్ కేంద్రం కోసం దీవి ఖాళీ చేసిన కుటుంబాల్లోని వృద్ధులు ఇంకా ఉండగానే అక్కడి గూడేలు, మడుగులు, తోపుల పేర్లు రాయించుకోవాలి. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైలుంది. తెలుగు శాఖలున్న చెన్నైలోని విశ్వవిద్యాలయాలకు ఇది పెద్ద పనేం కాదు.