సవరణ: మ్యాటర్ గుర్తు, ప్లగ్ ఆంపియర్ల గురించి

మాటతో నడిచే ఇంటికి స్మార్ట్ బల్బులు, ప్లగ్‌లు ఎలా ఎంచుకోవాలో ఇంతకుముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివి కొనేసినవాళ్లు ఉంటే క్షమించాలి.

"మ్యాటర్ గుర్తు ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు" అన్నాను. అది సరికాదు. 2022లో వచ్చిన మ్యాటర్ అనే ఈ ఉమ్మడి ప్రమాణం వేర్వేరు కంపెనీల పరికరాలను కలుపుతుంది, నిజమే. కానీ ఆ గుర్తున్న బల్బు వైఫైది కావచ్చు, థ్రెడ్ అనే తక్కువ కరెంటు వాడే వైర్‌లెస్ నెట్‌వర్క్‌ది కావచ్చు. థ్రెడ్ రకమైతే దాన్ని ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే థ్రెడ్ బోర్డర్ రూటర్ కూడా ఇంట్లో ఉండాలి. కొన్ని స్మార్ట్ స్పీకర్లలో అది లోపలే ఉంటుంది, అన్నింట్లో కాదు.

రెండో తప్పు పెద్దది. "ఏ స్మార్ట్ ప్లగ్‌కైనా హీటర్ పెట్టుకోవచ్చు" అని రాశాను. దయచేసి పెట్టకండి. ప్లగ్ మీద చిన్న అక్షరాల్లో ఆంపియర్లు ఉంటాయి. వాటిని వోల్టేజీతో గుణిస్తే అది మోయగల వాట్లు తెలుస్తాయి. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్ల ప్లగ్‌కి 2300 వాట్లు హద్దు. 2000 వాట్ల హీటర్ లెక్కకి సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ గంటల తరబడి నడిస్తే ప్లగ్ వేడెక్కిపోతుంది. నా ప్లగ్‌ని తీసి చూస్తే పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి ఉంది. అది చూశాకే టెన్షన్ పట్టుకుంది. ప్లగ్‌ని దీపాలకి, ఫ్యాన్‌కి వాడండి. హీటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి.

గోడ స్విచ్ ఆపేస్తే స్మార్ట్ బల్బు మాట వినదన్న భాగంలో మార్పేమీ లేదు.