పుల్ల కుక్కర్‌లో ఉంది

పంటికి వేసే క్రౌన్‌ని మనవాళ్లు క్యాప్ అంటారు. తెలుగులో టోపీ అనొచ్చు గానీ, డాక్టరమ్మ టోపీ పెట్టిందంటే అర్థం మారిపోతుంది కాబట్టి ఎవరూ అనరు. ఆ క్యాప్ పంటి మీద కుదురుగా కూర్చోవాలంటే చివరి నిమిషంలో ఒక పుల్ల కావాలి. జానెడు ప్లాస్టిక్ కాడ, ఒక కొసన గాడులు తీసిన చిన్న పలక. క్రౌన్ సీటర్ అనీ, బైట్ స్టిక్ అనీ దానికి పేర్లున్నా క్లినిక్‌లో అందరూ పిలిచేది 'ఆ పుల్ల' అనే. పలకను క్యాప్ మీద పెడతారు, పేషెంటు కొరుకుతాడు. అంతే దాని ఉద్యోగం. ఇక్కడ నొక్కే బలం డాక్టరు చేతిది కాదు, పేషెంటు దవడది. వెనక పళ్ల దగ్గర దవడ కండరం వేసే పట్టు ముందు డాక్టరు బొటనవేలు దిగదుడుపే.

ఇంత చిన్న పుల్ల సమయానికి దొరక్కపోతే ఏమవుతుందో కూకట్‌పల్లిలో ఒక శనివారం సాయంత్రం తేలిపోయింది.

కుర్చీలో ఉన్నది రిటైరైన లెక్కల సారు. పన్ను కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద దంతం. రూట్ కెనాల్ అయిపోయింది, చుట్టూ అరగదీత అయిపోయింది, అచ్చు ల్యాబుకి వెళ్లి క్యాప్ తయారై దారిలో ఉంది. అవ్వనిది సారు పాఠం ఒక్కటే. రిటైరయ్యాక క్లాసు లేకపోయేసరికి ఎక్కడ నల్లటి కుర్చీ కనిపిస్తే అక్కడ బోర్డు ఉన్నట్టే మొదలుపెడతారు. ఆ సంగతి తెలిసిన వాళ్లావిడ బయట హాల్లో టీవీకి దగ్గరగా, తలుపుకి దూరంగా కూర్చుంది.

"పైన ఎంత మేర అరగదీశారు?" అన్నారు సారు.

"ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు సార్. లోపల లోహం, పైన పింగాణీ. రెండింటికీ చోటుండాలి కదా."

"ఆ లోహం లేని జిర్కోనియా క్యాప్ ఎందుకు వద్దన్నానో తెలుసా? మొన్న మీరే చెప్పారు. ముందు ఇరవై, ఇరవై అయిదు శాతం పెద్దగా చెక్కి, 1500 డిగ్రీల కొలిమిలో పెడితే కుంచించుకుపోయి సరైన సైజుకి వస్తుందని. కుంచించుకుపోయే వస్తువుకి డబ్బులు ఎక్కువ అడగడం ఏ లెక్కమ్మా?"

డాక్టరమ్మ జవాబు చెప్పలేదు. ల్యాబు కుర్రాడు అప్పుడే తడిసి ముద్దయి వచ్చాడు. "మైత్రీవనం కాడ గంట నిలవడ్డ మేడమ్" అంటూ జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో రాతిపొడితో పోసిన పంటి నమూనా, దాని మీద తెల్లగా క్యాప్.

తర్వాత పని పద్ధతిగానే జరిగింది. క్యాప్‌ని పంటికి అతికించే సిమెంటు పెట్టకుండా ముందు ఒట్టి క్యాప్ ఎక్కించి చూశారు. పక్క పంటికీ దీనికీ మధ్య ఫ్లాస్ దారం దింపితే టక్కున దిగింది. జారిపోయినట్టు దిగితే సందు ఉన్నట్టు, అక్కడ రేపట్నుంచి మాంసం పీచు కాపురం పెడుతుంది. దారం తెగిపోతే మరీ బిగువున్నట్టు. ఆ బిగువు క్యాప్‌ని కిందికి దిగనివ్వదు. చిగురు అంచు వెంట సన్న సూది తిప్పితే మెట్టు తగల్లేదు. చివరికి కొరుకు ఎక్కడ తగులుతుందో చుక్కలు వేసి చూపే నీలం కాగితం పెట్టి కొరికించారు. ఆ కాగితం మందం 40 మైక్రాన్లు.

"వెంట్రుక కంటే సన్నమన్నమాట" అన్నారు సారు నోట్లో కాగితంతోనే. అలా మాట్లాడ్డం వల్ల పన్నంతా నీలమయ్యి రెండోసారి కొరికించాల్సి వచ్చింది. ఈసారి చుక్కలు సమంగా పడ్డాయి. అంతా బాగుంది.

ఇక్కడే ఒక నియమం ఉంది. సిమెంటు పౌడరు సీసా మూత తీయకముందే ట్రేలో సామాను లెక్కపెట్టుకోవాలి: దూది చుట్టలు, గొంతు దగ్గర పెట్టే గాజుగుడ్డ, సన్న సూది, ముడివేసిన దారం, పుల్ల. ఎందుకంటే ఈ సిమెంటు కలిపాక ఎవరి కోసమూ ఆగదు. పెళ్లిలో జీలకర్ర బెల్లం నూరాక పెళ్లికొడుకు కోసం వెతుక్కున్నట్టు ఉంటుంది.

అసిస్టెంటు అమ్మాయి లెక్కపెట్టలేదు. చెయ్యి మాత్రం శుద్ధంగా పనిచేసింది. సమంగా గీసిన చెంచాడు పౌడరు, రెండు చుక్కల ద్రవం. ద్రవం సీసాని ఏటవాలుగా కాకుండా నిట్టనిలువుగా తలకిందులు చేసి పట్టుకుంది. వంకరగా పడితే చుక్కలో గాలి చేరి చిన్నదవుతుంది, ముద్ద మరీ చిక్కబడుతుంది. 20 సెకన్లలో మెరిసే మీగడలా కలిపింది. చేతిలో ఇక రెండు నిమిషాలున్నాయి. అదీ ఏసీ గదిలో. మే నెలలో కరెంటు పోతే అంత కూడా ఉండదు.

కలిపిన ఊపులో క్యాప్‌ని నిండుగా నింపేసింది, బొబ్బట్లలో పూర్ణం పెట్టినట్టు. లోపలి గోడలకి పల్చగా ఒక పూత చాలు. నిండా నింపితే ఏమవుతుందో మన వంటిళ్లలో అందరికీ తెలుసు. స్టీలు గ్లాసులో కొంచెం నీళ్లుంటే అందులో ఇంకో గ్లాసు పూర్తిగా దిగదు. నీళ్లకి పోయే దారి లేక పైగ్లాసుని ఎత్తిపడుతుంది. క్యాప్ సంగతీ అంతే. అందుకే ల్యాబువాళ్లు నమూనా పంటికి ముందే సన్నటి రంగుపూత వేసి, సిమెంటుకి ఇరవై ముప్ఫై మైక్రాన్ల చోటు వదులుతారు. చోటిచ్చారు కదా అని పీపాడు పోస్తే దారి చాలదు.

డాక్టరమ్మ నాలుక వెనక గాజుగుడ్డ పెట్టింది. క్యాప్ జారితే కడుపులోకి పోతే నయమే, రెండ్రోజుల్లో దాని దారిన అది బయటపడుతుంది. ఊపిరితిత్తుల దారి పట్టిందంటే పెద్దాసుపత్రే. గుడ్డ పెట్టగానే పాఠం ఆగింది. బయట వాళ్లావిడ టీవీ సౌండు తగ్గించి, ఏం జరిగిందోనని తలుపు వైపు చూసింది.

క్యాప్ ఎక్కింది. వేలితో నిలువుగా నొక్కింది. ఎడం చెయ్యి చాపింది.

"పుల్ల."

జవాబు లేదు.

"పుల్లమ్మా!"

"మేడమ్... పుల్ల కుక్కర్ల ఉంది."

కుక్కరంటే ఆటోక్లేవు, ఆవిరితో సామాను మీది క్రిముల్ని చంపే యంత్రం. 121 డిగ్రీలు, 15 పౌన్ల ఆవిరి. మధ్యాహ్నం వాడిన పుల్లని కడిగి, పౌచ్‌లో పెట్టి, అందులో వేసి స్విచ్చేసింది ఆ పిల్లే. తప్పు కాదు, అలాగే చెయ్యాలి. ఆ క్లినిక్‌లో ఉన్నది ఒకటే పుల్ల కావడం తప్పు. ముల్లు 15 మీద ఉండగా ఆ మూత రాదు, రాకూడదు. విజిల్ ఎత్తి పప్పు చూసినట్టు చూసే యంత్రం కాదది.

నలభై సెకన్లు పోయాయి.

అమ్మాయి సొరుగు లాగి ఇంకో కాడ తెచ్చింది. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ కొసన పలక బదులు గరుకైన స్టీలు ముక్క ఉంటుంది. అది క్లిప్పులు వేసే పిల్లల వెనక పళ్లకి లోహపు పట్టీ దించేది. లోహం మీద లోహం, దాని దారి వేరు. పింగాణీ మీద ఆ స్టీలు పెట్టి దవడంత బలంతో కొరికిస్తే బలమంతా ఒక్క మొన మీద పడి పెచ్చు లేచిపోతుంది. పింగాణీ పెచ్చులేస్తే నోట్లో అతికించుకునే ఉపాయాలున్నాయి గానీ, పెళ్లిపందిట్లో చిరిగిన పంచెకి పిన్నీసు పెట్టుకున్నట్టే ఉంటాయి. ఈ రెండు కాడల్నీ ఒకే సొరుగులో పెట్టుకున్న క్లినిక్కులు చాలా ఉన్నాయి, అది మాత్రం బుద్ధితక్కువ పని.

డాక్టరమ్మ కళ్లతోనే వద్దంది. గొంతు చూసే చెక్క పుల్లని సగానికి విరిచి, గాజుగుడ్డ చుట్టి, క్యాప్ మీద పెట్టింది. ఇక్కడ ఇంకో పొరపాటు. తొందరలో అది నడిమధ్య గాడిలో కాకుండా బుగ్గవైపు మొన మీద పడింది. ఒక పక్కే నొక్కితే రెండో పక్క లేస్తుంది. సైకిలు క్యారియరు మీద బియ్యం బస్తా ఒకవైపే కట్టినట్టు.

"కొరకండి సార్. నెమ్మదిగా, గట్టిగా."

ఏకకాలంలో నెమ్మదిగానూ గట్టిగానూ ఎలా అన్న సందేహం సారు కళ్లలో కనబడింది. అడిగే వీలు లేదు. కొరికారు. ఫట్ మంది. పన్నే విరిగిందనుకుని సారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. విరిగింది చెక్క.

డాక్టరమ్మ విరిగిన ముక్కలూ గుడ్డా తీసేసి, దూది చుట్ట పెట్టి, "దీన్ని కొరికి పట్టుకోండి, అయిదు నిమిషాలు తెరవకూడదు" అని ఇంకో చుట్ట కోసం అటు తిరిగింది. సరిగ్గా అప్పుడే సారు జేబులో ఫోను మోగింది.

గాజుగుడ్డ లేదు, అడ్డం ఉన్నది దూది చుట్ట ఒక్కటే. నలభై ఏళ్ల అలవాటు. "హలో!"

అవతల అమ్మాయి పర్సనల్ లోన్ కావాలా సార్ అంది. సారు మొహం వెలిగిపోయింది. "నెలకి ఒకటిన్నర శాతం అంటే ఏడాదికి ఎంతమ్మా? పద్దెనిమిదా? కాదు. చక్రవడ్డీ వెయ్యి. పంతొమ్మిదిన్నర దాటుతుంది. నువ్వు నాకు అప్పివ్వడం తర్వాత, ముందు నీకు ఈ లెక్క రావాలి..."

లోనమ్మాయే ఫోను పెట్టేసింది. అది హైదరాబాదులో అరుదైన విషయం. కానీ అప్పటికి దూది చుట్ట నేల మీద ఉంది, సిమెంటు రబ్బరులా అయిపోయింది.

ఇక నీలం కాగితం పెడితే ఆ ఒక్క పన్ను మీదే ముద్దగా నీలం, పక్క పళ్ల మీద చుక్క లేదు. క్యాప్ ఎత్తుగా ఉంది. "కొంచెమే కదా, పైన అరగదీసేయండి" అన్నారు సారు. చాలామంది అలాగే అంటారు, కొన్నిచోట్ల అలాగే చేసేస్తారు కూడా. కానీ సిమెంటు పెట్టకముందు సరిపోయిన క్యాప్ పెట్టాక ఎత్తయిందంటే లోపం పైన కాదు, కింద. డాక్టరమ్మ అంచు వెంట సూది తిప్పింది. నాలుకవైపు టక్కున మెట్టు తగిలింది. పైన అరగదీస్తే కొరుకు సరిపోతుంది, పింగాణీ పల్చబడుతుంది, కింద సందు అలాగే ఉంటుంది. ఆ సందులో సిమెంటు నెమ్మదిగా కరిగి పురుగు చేరుతుంది. రూట్ కెనాల్ చేసిన పన్ను కాబట్టి నొప్పి కూడా చెప్పదు. తెలిసే నాటికి పన్ను మిగలదు.

తీసెయ్యాలి, అదీ ఇప్పుడే. ఈ సిమెంటు నిమిషాల్లో గడ్డకట్టినా పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. రేపు తీయాలంటే క్యాప్‌ని కోయాల్సి రావచ్చు.

"సుత్తి తేమ్మా" అంది డాక్టరమ్మ లోపల్నుంచి.

"ఆయన నోట్లోనే ఉంది కదమ్మా!" అంది సారు వాళ్లావిడ బయట్నుంచి.

ఈ సుత్తి మేకులు కొట్టేది కాదు. సన్నటి స్టీలు కడ్డీ, కొసన చిన్న కొక్కెం, కడ్డీ మీద జారే బరువు. కొక్కేన్ని క్యాప్ అంచు కింద తగిలించి, బరువుని వెనక్కి జారిస్తే కడ్డీ చివర బిళ్లకి కొట్టుకుని ఒక్క కుదుపు. ఆ కుదుపు పన్ను నిలువుగా ఏ దారిన ఉందో ఆ దారినే ఉండాలి. పక్కకి లాగితే క్యాప్ బదులు పన్నే వచ్చే ప్రమాదం ఉంది. కింద వేలు ఆనించాలి, గొంతు దగ్గర గాజుగుడ్డ మళ్లీ పెట్టాలి. మొదటి దెబ్బకి సారు కళ్లు మూసుకున్నారు. రెండో దెబ్బకి తెరిచారు. మూడో దెబ్బకి క్యాప్ ఊడి డాక్టరమ్మ అరచేతిలో పడింది. పింగాణీ చెక్కుచెదరలేదు, అది మాత్రం అదృష్టం.

లోపల చూస్తే సాక్ష్యాలన్నీ ఉన్నాయి. ఒక గోడకి సిమెంటు కాగితంలా పల్చగా, ఎదురు గోడకి గచ్చులా దళసరిగా. ఆ గచ్చంతా గీకి కడిగి, పంటి మీది తునకలు తుడిచి ఆరబెట్టేసరికి కుక్కరు చల్లబడింది. పుల్ల బయటికొచ్చింది, ఆవిరి తగిలిందన్న గుర్తుగా పౌచ్ మీద గీత రంగు మారి.

ఈసారి ట్రే ముందు లెక్కపెట్టారు. పూత పల్చగా వేశారు. పుల్ల నడిమధ్య గాడిలో పెట్టారు. సారు ఫోను వాళ్లావిడ చేతిసంచిలోకి వెళ్లింది. సూది తిప్పితే మెట్టు లేదు. దూది చుట్ట కొరికి అయిదు నిమిషాలు. రబ్బరు దశలో అంచున పొంగిన సిమెంటు పెచ్చుగా ఊడొచ్చింది. పక్క సందులోది ముడి దారంతో పక్కకి లాగారు, పైకి కాదు. పైకి లాగితే కొత్త క్యాప్ దారంతో పాటు వచ్చేస్తుంది, మళ్లీ మొదటికి.

"ఒక రోజంతా అటువైపు నమలకండి సార్. పల్లీ పట్టీ, జీళ్లు అసలు వద్దు. ఏమైనా అడగాలా?"

సారు తల అడ్డంగా ఊపారు. ఇంకా పుల్ల కొరుకుతున్నారు. ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పలేదు, చెప్పకుండా వదిలితే ఏమవుతుందో ఒకసారి చూశారు కాబట్టి మళ్లీ నోట్లో పెట్టుకున్నారు.

వాళ్లావిడ లోపలికొచ్చి ఆయన్ని చూసింది. పావుగంట మౌనం, మనిషి క్షేమంగానే ఉన్నాడు. అసిస్టెంటు అమ్మాయిని పక్కకి పిలిచింది.

"ఈ పుల్ల ఎక్కడ దొరుకుతుందమ్మా?"

"కోఠీల దొరుకుతదమ్మా. మేడమ్ కూడ రేపు రెండు తెమ్మన్నది."

"మూడు తీస్కరా. పైసలు నేనిస్తా."